వంగని చిటికెన వేలు

జూన్ 8, ఆదివారం, ఉదయం 7

డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష కోసం, కూర్చున్న మనిషి బొమ్మ ప్రాక్టీస్ చేయమన్నారు సునీల్‌కుమార్ సర్. కామారెడ్డిలో నా కోసం కదలకుండా కూర్చునేదెవరు? హాస్టల్ పక్క పార్కుకు పోయాను. వాటర్ ట్యాంక్ వెనక, కాళ్లు ముడిచి కూర్చున్న ఒక సిమెంట్ ఆడమనిషి బొమ్మ. రెండేళ్లుగా ఆ పక్క నుంచే నడుస్తున్నాను, ఒక్కసారీ సరిగ్గా చూడలేదు. ఒళ్లో చాట. నీలం పెయింట్ మీద ఆకుపచ్చ పెయింట్. వాకింగ్‌కు వచ్చిన ఒక అవ్వ, ఈమె బియ్యం ఏరే తల్లి, మొక్కుకో బిడ్డా అంది. చాటలో నాలుగు గింజలు వేసి పోయింది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదు.

జూన్ 10

బొమ్మ ఎడమ చిటికెన వేలు తప్పు. వంగకుండా బయటికి పొడుచుకొచ్చింది. చేసినవాడికి అనాటమీ రాదు. నేను సరిచేసి వేశాను.

జూన్ 11

చేతులు బాగా కుదిరాయన్నారు సర్. పరీక్షలోనూ ఇదే వేయమన్నారు. పొంగిపోయాను.

జూన్ 14, శనివారం, లింగంపేట

అమ్మ గడప దగ్గర కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్లో చాట. లైవ్ మోడల్ దొరికిందని పెన్సిల్ తీశాను. చేతుల దగ్గర ఆగిపోయాను. అమ్మ ఎడమ చిటికెన వేలు వంగదు. చిన్నప్పుడు ఆకు కత్తిరిస్తూ నరం కోసుకుంది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చూస్తున్న వేలు. దాన్నే పార్కులో తప్పన్నాను.

పార్కు బొమ్మ స్కెచ్ చూపించి, బియ్యం ఏరుతోంది అన్నాను. బియ్యం గిట్ల ఏరుతరా, రెండు బొటనవేళ్లు కలిసినయి సూడు, బీడీ చుడుతున్నది అంది అమ్మ. బీడీ ఏదమ్మా అంటే, ఇరిగిపోయి ఉంటది అంది.

ఫోన్‌లో ఫొటో చూపించాను. వేలు జూమ్ చేసి చూసి, ఒళ్లో చాట తీసి పక్కన పెట్టింది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ బాపు ఆ పార్కుల పని చేసిండు అంది.

బాపు మేస్త్రీ. నాకు మూడేళ్లప్పుడు మస్కట్ పోయాడు. కొన్నాళ్లు ఫోన్ చేశాడు, తర్వాత మానేశాడు. ఆయన నన్ను ఒక్కనాడు నిమ్మళంగ సూడలే, ఇదే అమ్మ ఎప్పుడూ అనే మాట. చూడనివాడు ఆ వేలు ఎలా చేశాడు? అసలు చేసింది బాపేనా? అంత చూసినవాడు ఎలా వదిలిపోయాడు? నాకు కోపం రావాలి. ఏడుపొస్తోంది. ఏమీ అర్థం కావడం లేదు.

జూన్ 17

చేసినవాడి పేరు ఉందేమోనని బొమ్మ పీఠం మీద పెయింట్ గీకాను. లేదు. వాచ్‌మన్ తిట్టాడు.

జూన్ 20

వేలు వంగకుండా వేసి చూపించాను. మార్కులు పోతాయన్నారు సర్.

జూన్ 22, ఆదివారం

చెప్పాపెట్టకుండా అమ్మ ఎల్లారెడ్డి బస్సులో కామారెడ్డి వచ్చింది. పార్కులో బొమ్మ ఎదురుగా, అలాగే కాళ్లు ముడిచి కూర్చుంది. మొఖం నాది కాదు అంది. తన చేయి పక్కన పెట్టి చూసుకుని, ఏలు నాదే అంది.

లేచి, చాటలో బియ్యం పిట్టలకు చల్లింది. కొంగుముడి విప్పి ఒక బీడీ తీసి ఆ రెండు బొటనవేళ్ల మధ్య పెట్టింది. సరిగ్గా పట్టింది.

జూన్ 23

పరీక్ష అయింది. వేలు వంగకుండానే వేశాను. వస్తూ చూస్తే బీడీ లేదు, ఎవరో కాల్చుకున్నట్టున్నారు. అమ్మకు ఫోన్ చేశాను. ఇంకోటి చుడుత తియ్యి అంది.