పన్నెండో సీసా

సిరోంచ,
మే 18, 2007

చెల్లె నవతకు,

ఇక్కడ అందరం బాగున్నాము. జిమల్‌గట్టలో, మీ పుట్టింట్లో నువ్వూ బాగానే ఉంటావు.

నువ్వు మానిపించిన ప్లాస్టిక్ ప్యాకెట్ల పచ్చడి ఈ ఇంట్లోకి మళ్లీ రాలేదు. నీలాగే గాజు సీసాలు మరగబెట్టి, తొక్కు పెట్టి, పైన నూనె పోశాను. అయినా పదకొండు సీసాలకూ బూజు పట్టింది. మరగబెట్టిన సీసాలను ఎన్ని రోజులు ఎండబెట్టేదానివో రాయి. నీ ఉత్తరం ముట్టుకుంటే దోషం లేదట, అత్తమ్మను అడిగాను.

మరిది రాము పోయినప్పుడు, "మొగడు లేని చెయ్యి పడితే తొక్కు ఖరాబైతది" అని నిన్ను పంపించింది ఆమే. నేనేమీ అనలేదు, నీకు తెలుసు.

వెళ్తూ నువ్వు ఒక సీసా పట్టుకెళ్లావు. నిరుడు రాము కాయలు కొట్టిస్తే నువ్వు కలిపిన తొక్కు అది. అత్తమ్మ నిన్నటి నుంచీ దాని మాటే ఎత్తుతోంది. "నా కొడుకు ఉన్నప్పుడు పెట్టింది, గది ఖరాబు గాదు. వచ్చే శనివారం చుట్టాలొస్తున్నరు, జెల్ది తెప్పియ్యి" అంటోంది.

నువ్వు రానక్కర్లేదు. బస్సు కండక్టరుకు ఇస్తే చాలు.

మూత మాత్రం తీయకు. సీసాను మీ వదినతో సంచిలో పెట్టించు.

నీ యారాలు