అరువు బిందెల దిబ్బ

నడిమిదిబ్బ,
మహదేవపూర్ పోస్టు,
18-3-1979.

జనగామ రైసుమిల్లులో ఉన్న మా బావకు, ఏటి నడుమ దిబ్బ మీద నుంచి సుమిత్ర దండం పెట్టి రాసేది. ఇక్కడ అత్తమ్మ, రమ, బర్రె, నేను అందరం బాగున్నాం. నువ్వు కూడా వేళకు తింటూ, ఆ ఊకదుమ్ములో మూతికి తువ్వాల కట్టుకుని పని చేస్తున్నావని అనుకుంటాను.

పోయిన ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. అత్తమ్మ మోకాలు తగ్గింది, నోరే తగ్గలేదు. బర్రె నెలాఖరుకు ఈనుతుంది. రమ ఓనమాలు దాటి గుణింతాల్లో పడింది. ఏరు నిండితే పంతులు నాలుగు నెలలు ఇటు మొహం చూపించడు కాబట్టి ఇప్పుడే దాన్ని తొందరపెడుతున్నాను. ఇక నాలుగోది ఇంజను పడవ సంగతి. దానికి జవాబు రాద్దామని పదిరోజుల నుంచి కలం పడుతున్నాను, కింద పెడుతున్నాను.

పడవ రాదు బావా. దిబ్బ మీది జనం సుభిక్షంగా ఉన్నారట. ఇంతకన్నా వెనకబడిన ఊళ్లు చాలా ఉన్నాయట. అందుకని ఇంజను పడవా లేదు, బడి గదీ లేదు అని టైపు కొట్టిన కాగితం వచ్చింది. నీ దరఖాస్తు కదలడానికి మూడేళ్లు పట్టింది, లేదనడానికి వాళ్లకు ఇరవై రోజులు చాలింది. అందరినీ కూర్చోబెట్టి నేనే చదివాను. మన పడవ వేసే యాకయ్య పెద్దనాయిన సుభిక్షమంటే ఏందని అడిగాడు. చెప్పాను. మంచిగనే రాసిండు గదా అని ఆయన సంతోషపడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పోయినేడు వానల్లో మన వంకాయలు నాటుపడవ వంతు కోసం రేవులో ఐదురోజులు పడి కుళ్లిపోతేనే కదా నువ్వు మిల్లుకు పోయింది. ఇంజను పడవ మంజూరైన రోజే మూట సర్దుకుని వస్తానన్నావు. నాయిన వస్తాడని రమ ఆ రోజు కోసం గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తోంది. దానికేమని చెప్పను?

దరఖాస్తు మీద విచారణకు ఆ పెద్దసారు మాఘమాసంలో వచ్చాడు. పాయలో మోకాలి లోతు నీళ్లు కూడా లేవు. ఎడ్లబండి మీద కూర్చుని కాలు తడవకుండా దిగి, నీళ్లు నీళ్లని మూడేళ్లుగా రాస్తున్నారు, ఏవీ నీళ్లు అని నవ్వాడు. ఆషాఢంలో వచ్చి ఉంటే వాటిని వెతుక్కునే పని ఉండేది కాదు.

తప్పంతా ఆయనదే అంటే మాత్రం నా కళ్లు పోతాయి. అంతా బాగా జరిగిందని పోయిన ఉత్తరంలో రాశాను కదా, ఎట్లా జరిగిందో రాయలేదు. మన దిబ్బకు పిల్లనిచ్చేవాళ్లు ఇల్లు చూడటానికి వస్తే ఏం చేస్తాం? ఊళ్లో ఉన్న బిందెలన్నీ ఆ ఒక్క ఇంట్లో పెడతాం. సారుకూ అదే చేశాం. ఒడ్డున ఉన్న చుట్టాల ఇళ్ల నుంచి ఆరు కుర్చీలు, పందొమ్మిది ఇత్తడి బిందెలు, రెండు జతల ఎడ్లు, ఒక రేడియో తెచ్చాం. పిల్లలకు పండుగ బట్టలు తొడిగాం. కూలిన బడిగోడకు అడ్డంగా పందిరి వేశాం. దగ్గుతో మంచం పట్టిన ఇద్దరు ముసలివాళ్లను చేను గుడిసెకు పంపేశాం. సారు నాటుకోడి కూర తిని, రేడియోలో వార్తలు విని, మెచ్చుకుని పోయాడు.

ఈ తెలివి ఎవరిదని అడుగుతావు. నాదే. ముష్టివాళ్లలా కనబడితే ఎవరూ ఏమీ ఇవ్వరని నేనే అందరినీ ఒప్పించాను.

అంతే అయితే ఇన్ని రోజులు కలం కింద పెట్టేదాన్ని కాదు. అత్తమ్మకు కూడా చెప్పనిది ఒకటుంది. బండెక్కే ముందు సారు నన్ను పిలిచి పుస్తకం తెరిచాడు. "వానాకాలం మీకేమైనా కష్టముందా అమ్మా? ఉన్నదున్నట్టు చెప్పు, రాసుకుంటాను" అన్నాడు. మంచి మనిషే. కానీ ఆయన వెనక మా కౌసల్య వదిన నిలబడి ఉంది. మా అన్న ఆ ఆఫీసులోనే నౌకరు కదా, దిబ్బ చూద్దామని ఆమె కూడా వచ్చింది. నన్ను నీకిచ్చిననాడు "మేనరికమని పిల్లను ఏట్ల తోసిండ్రు" అన్న మనిషి. ఎనిమిదేళ్లయినా ఆ మాట నాకు అరగలేదు.

నా పక్కనే సమ్మక్క ఉంది. పోయిన శ్రావణంలో రెండు రోజులు నొప్పులు పడి, వరదలో పడవ దాటక, దవాఖాన అవతలి ఒడ్డునే ఉన్నా బిడ్డను పోగొట్టుకున్న సమ్మక్క. ఆ సంగతి నేను చెబుతానని నా మొహమే చూస్తోంది.

"మాకేం తక్కువ లేదు సార్, మంచిగున్నం" అన్నాను.

సారు అదే రాసుకున్నాడు. వదిన మొహం చిన్నబోయింది, నాకు సంతోషమైంది. ఆ సంతోషం బండి పాయ దాటేవరకే. సమ్మక్క ఆనాటి నుంచి నాతో మాట్లాడటం లేదు. నాకు సిగ్గుగా ఉంది బావా, అన్నం తింటున్నా సిగ్గుగానే ఉంది.

అందుకని మళ్లీ దరఖాస్తు రాశాను. బిందెలు అరువువని, ఈసారి ఆషాఢంలో చెప్పకుండా రమ్మని రాశాను. పెద్దలెవరూ వేలిముద్ర వేయలేదు. "అరువు బిందెలని సర్కారుకు రాసిస్తే, రేపు మన పోరగాండ్లకు పిల్లనెవరిస్తరు బిడ్డా?" అన్నాడు యాకయ్య పెద్దనాయిన. నేను సమ్మక్క ఇంటికి పోయి చదివి వినిపించాను. ఆమె వేలు చాపింది.

మొదటి దరఖాస్తు గోవర్ధన్ అని నీ పేరు మీద ఉంది కాబట్టి నీ సంతకం లేకపోతే తీసుకోరని మా అన్న చెప్పాడు. కాగితం దీంతోపాటే పంపుతున్నాను. "నా భార్య సుమిత్ర అధికారి ముందు అబద్ధం చెప్పింది" అని నీ మాటగా మొదటనే రాశాను. ఆఫీసులో అందరూ చదువుతారు, వదిన మా అన్నతో చదివించుకుని వింటుంది. నా మీద జాలిపడి ఆ మాట కొట్టేయకు. కింద సమ్మక్క వేలిముద్ర ఉంది, దాని పక్కన సంతకం పెట్టు.

ఇట్లు,
నీ మరదలు, నీ భార్య,
సుమిత్ర