సైకిలెక్కని నాయన

మదనపల్లె,
1998 ఆగస్టు

ప్రియమైన బావకు,

ఉత్తరం ఇంటికి రాకుండా కుప్పం బస్సు డిపోకి వచ్చిందేమిటా అని కంగారుపడొద్దు. ఇంటికి రాస్తే మా కృష్ణవేణక్క పక్కింటి రత్నమ్మత్తను కూడా పిలిచి గట్టిగా చదువుతుంది. ఇది నువ్వొక్కడివే చదివి చించెయ్యాలి. నవ్వావో, జన్మలో నీ ముఖం చూడను.

ఎన్నిసార్లో మొదలుపెట్టి కొట్టేశాను. చెప్పేస్తున్నా. ఎండాకాలం నుంచి నాకు కింద ఒక పక్క వాచి ఉంది బావా. నొప్పి లేదు గానీ బరువుగా ఉంటుంది. రోజురోజుకూ పెరుగుతోందో, పెరిగేది నా భయమో తెలియడంలేదు. హాస్టల్లో ఎవరూ లేవకముందే స్నానం చేసొస్తున్నా. కాలు బెణికిందని చెప్పి వాలీబాల్ మానేశాను. ఇంకా తగ్గలేదా అని రూమ్మేటు శివకుమార్ రోజూ అడుగుతాడు. ఏ కాలని చెప్పానో ఒక్కోసారి నాకే గుర్తుండదు. క్లాసులో ఒక్క ముక్క చెవికెక్కదు. నేనేం తప్పు చేశానని ఇది వచ్చింది? రేపు పెండ్లికి పనికొస్తానా?

పురుషుల రహస్య రోగాలు నయం చేస్తామని బస్టాండు గోడమీద కాగితం చూసి, అందులో రాసిన లాడ్జి మెట్లదాకా పోయాను. అక్కడ మా సీనియర్ లోకేష్ తల వంచుకుని కూర్చున్నాడు. ఒకరినొకరు చూడనట్టే నటించాం. వెనక్కొచ్చేశాను.

నాయనకు చెప్పమంటావేమో. సైకిలుకు పాలక్యాన్లు కట్టుకుని, ఎక్కకుండా పుంగనూరు దాకా తోసుకుపోయే మనిషికా? ఆదెప్ప సైకిల్ని మేపుకొస్తాడని ఊరంతా నవ్వుతుంది. నేనూ నవ్వాను. నాకొక సైకిలు కొనివ్వమని ఏడ్చినా కొనలేదు. హైస్కూలుకు నడిచే పోయాను. ఆయనకేం అర్థమవుతుంది?

చదువు మానేసి బెంగళూరు పోదామనుకుంటున్నా. క్లాసులో ఒకడి మామకు అక్కడ బేకరీ ఉంది. నన్నెరిగినవాళ్లు లేనిచోట ఉంటే చాలు. అక్కకు ఏదో ఒకటి నువ్వే చెప్పు.

నీ బామ్మర్ది,
మునిచంద్ర

---

కుప్పం

ఒరే మునీ,

నవ్వలేదు. నీ ఉత్తరం డ్యూటీలో చదువుతూ వి.కోట స్టేజీ పిలవడమే మరిచాను. దిగాల్సినవాళ్లు తిట్టిన తిట్లన్నీ నీవే, వచ్చి తీసుకో.

రోగం పేరైనా తెలియదు, పనికిరానని మాత్రం నీకు నువ్వే తీర్పు చెప్పేసుకున్నావు. అది చెప్పాల్సింది డాక్టరు. నువ్వు కాదు, నేను కాదు, ఆ లాడ్జివాడు అసలే కాదు. తప్పు చేసినవాడికల్లా ఒళ్లు వాచేటట్టయితే మా డిపోలో ఒక్కడూ బస్సెక్కలేడు.

సోమవారం సెలవు పెట్టాను. మదనపల్లె పెద్దాస్పత్రికి ఇద్దరం పోదాం. లోపల నీకు నోరు రాకపోతే నేను చెబుతా. ఆ తర్వాత నాయనకు నువ్వు చెప్పాలి. అర్థం కాదని ముందే తేల్చెయ్యకు. నాకు చెప్పడానికీ వణికిపోయావు కదా, ఏమయింది? అంతవరకు ఆ బెంగళూరు బస్సు ఎక్కావో, ఏ కండక్టరుకి చెప్పయినా దించేయిస్తా.

మీ బావ,
జయచంద్ర

---

పుంగనూరు దగ్గర మన ఊరు,
1998 డిసెంబరు

బావా,

ఈ ఉత్తరం ఇంటికే రాస్తున్నా. అక్కను గట్టిగానే చదవమను. రత్నమ్మత్తను పిలిచినా సరే. నాయన కూడా రాయమన్నాడు.

అది వరిబీజం, నీరు చేరడమే, చిన్న ఆపరేషన్, పెండ్లికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినప్పుడు నువ్వు నా చెయ్యి పట్టుకునే ఉన్నావు. ఊరికొచ్చి ఆ మాటే నాయనకు చెప్పడానికి వారం తిప్పలుపడ్డాను. చివరికి ఒక పొద్దున ఆయన పాలు పోయడానికి బయలుదేరితే వెంట నడిచాను. ముఖం చూడకుండా రోడ్డును చూస్తూ చెప్పాను. నాయన సైకిలుకు స్టాండు వేశాడు.

"నీకూనా?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"మీ అక్క పుట్టకముందు నుంచీ నాకూ ఉండాదప్పా. సైకిలెక్కితే ఓర్సుకోలేను. మీ అమ్మకు తప్ప ఎవురికి సెప్పేది? సిన్నప్పుడు సైకిలు తొక్కి తొక్కి వచ్చిందనుకున్న్యా. నీకు రాకూడదనే నీకు కొనీలా."

బావా, నేను రోడ్డు మీదే ఏడ్చాను. ఇద్దరు బిడ్డల్ని కన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని పెండ్లికి పనికొస్తానా అని కుమిలిపోయాను. ఆయన నాకోసం భయపడి కొననిదాన్ని, నామీద ప్రేమ లేక కొనలేదనుకున్నాను.

ఆస్పత్రిలో పేషెంటు ఎవరని అడిగితే "ఇద్దరమూ" అన్నాను. నాయన తల వంచుకున్నాడు గానీ కాదనలేదు. పక్కపక్క మంచాలే ఇచ్చారు. సైకిలుతో వచ్చే జబ్బు కాదిది అని డాక్టరు చెబితే, నాయన "ఇన్నాళ్లూ ఊరికే నడిసినానా?" అని నవ్వాడు. కుట్లు లాగుతాయని నర్సు కోప్పడింది.

ఈ నాలుగు ముక్కలు మాత్రం అక్కను గట్టిగా చదవొద్దను. హాస్టలుకు తిరిగి వెళ్లగానే లోకేష్ గదికి పోయాను. ఆయన తలుపు సగమే తీసి నిలబడ్డాడు. ముందు నాది చెప్పాను. అప్పుడు తలుపు మొత్తం తీశాడు. బుధవారం ఆస్పత్రికి ఆయన వెంట పోతున్నా.

సెలవుకు ఇంటికొచ్చాను. నిన్న నాయన పుంగనూరులో నాకు సైకిలు కొనిచ్చాడు. తన పాతదాన్ని ఆయన, కొత్తదాన్ని నేను తొక్కుకుంటూ వచ్చాం. ఊరు మొదలయ్యేచోట నాయన దిగి, అలవాటు కొద్దీ తోయబోయాడు. అరుగుల మీద జనం చూస్తున్నారు.

"ఎక్కు నాయనా" అన్నాను.

ఎక్కాడు.

మీ
మునిచంద్ర