మూడో నంబరు లాంచీకి ఎనభై రెండు డిగ్రీల థర్మోస్టాట్ ఇచ్చింది నేనే

యంత్ర తనిఖీ అధికారి గారి సముఖమునకు,
ప్రధాన రేవు కార్యాలయం.

అయ్యా,

విషయం: మూడో నంబరు లాంచీ ఇంజన్ డ్రైవరు సర్టిఫికెట్టు రద్దు గురించి, అయిదు, ఏడు నంబరు లాంచీలలోని థర్మోస్టాట్లు వెంటనే మార్పించడం గురించి.

రేవు వర్క్‌షాపు స్టోరులో ఇరవై తొమ్మిదేళ్లుగా విడిభాగాలు ఇచ్చే పని నాది. సదరు డ్రైవరు నా తమ్ముడు. ఇంతవరకు నేను ఎవరికీ అర్జీ పెట్టుకోలేదు. దేవుడికి చెప్పుకుంటే సరిపోయేది. ఈసారి సరిపోలేదు.

1. తమకు తెలియనిది కాదు, అయినా క్రమం కోసం రాస్తున్నాను. మా లాంచీలు రెండు రకాలు. కొత్తవాటిలో ఇంజన్ లోపల మంచినీళ్లు తిరుగుతాయి, సముద్రపు నీళ్లు బయటి నుంచి వాటిని చల్లబరుస్తాయి. వాటికి నీళ్లు ఎనభై రెండు డిగ్రీలు వేడెక్కాక దారి తెరిచే థర్మోస్టాట్ సరైనది. మూడు, అయిదు, ఏడు పాతవి. వాటిలో సముద్రపు నీళ్లే నేరుగా ఇంజన్ లోపల తిరుగుతాయి. ఆ నీళ్లు అరవై దాటితే ఉప్పు పొరలు కట్టి దారులు పూడుకుపోతాయి. వాటికి యాభై అయిదుది వేయాలి.

2. ఇంజన్లు చల్లగా నడిచి తెల్లపొగ వదులుతున్నాయని, ఎనభై రెండువి బిగించాలని తమ కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. అందరికీ కనబడాలని దాన్ని స్టోరు గోడకు జిగురు పెట్టి అతికించాను. పాత లాంచీలకు ఇది వర్తించదన్న మాట ఆ కాగితం వెనకవైపు అచ్చయి ఉంది. ఆ వైపు గోడకు అంటుకుపోయింది. కాగితం తిప్పి చూడాలని నాకు తోచలేదు.

3. మూడో నంబరుకు కొత్తది తీసుకుపోవడానికి తమ్ముడు వచ్చినప్పుడు జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"అక్కా, మనది ఉప్పునీళ్ల ఇంజను. దీనికి ఎనభై రెండేమిటి?"

"కాగితంలో అన్ని లాంచీలూ అనే ఉంది కదరా."

"ఊరందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టించారన్నమాట."

"వెటకారం ఆపు. గిన్నెలో నీళ్లు మరగబెట్టి, దారం కట్టి ముంచి చూశాను. సరిగ్గా ఎనభై రెండుకే తెరుచుకుంది. వస్తువులో లోపం లేదు."

"వస్తువు బంగారమే అక్కా. దాన్ని ఎక్కడ పెడుతున్నాం అనేదే నా బాధ."

"పెద్దదాన్ని, చెబుతున్నాను. తీసుకెళ్లి పెట్టు."

వాడికి ఆరేళ్లప్పుడు మా అమ్మ పోయింది. అప్పటి నుంచి 'పెద్దదాన్ని' అని నేనంటే వాడు మారు మాట్లాడి ఎరగడు. తీసుకెళ్లి పెట్టాడు.

4. నాలుగు నెలలకు, నలభై ఒక్కమందితో నడుస్తూ మూడో నంబరు ఉప్పునీళ్ల కాలువ నడుమ ఆగిపోయింది. రెండు గంటలు నీటివాలుకు కొట్టుకుపోయింది. దేవుడి దయవల్ల అందరూ ఒడ్డు చేరారు. ఇంజన్ విప్పితే లోపల ఉప్పు రాయిలా గడ్డకట్టి ఉంది. తమరే చేత్తో గీకి చూశారు.

5. విచారణ రోజు తమరు ఫైలులో ఉన్న ఉత్తర్వు ప్రతి తిప్పి వెనకవైపు చదివి వినిపించారు. ఆ మాటలు నేను వినడం అదే మొదటిసారి. "ఇది చదివావా?" అని తమ్ముణ్ణి అడిగారు. వాడు ఒక్కసారి నా వైపు చూశాడు. "చదివానండి. మర్చిపోయాను" అన్నాడు. "ఎవరిచ్చారు?" అన్నారు. "అలమారాలోంచి నేనే తీసుకున్నానండి" అన్నాడు. "ఇంకెవరైనా చెప్పేది ఉందా?" అని తమరు గదిలో అందరినీ అడిగారు. నేను కిటికీ పక్క రెండో కుర్చీలో ఉన్నాను. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క తప్పు లేదన్న పేరు నా నోరు నొక్కింది. తమరు ఫైలు మూశారు.

6. మర్నాడే తమ్ముడు బట్టలు సర్దుకుని కాలువ అవతల తాళ్ల దుకాణం మీద గది తీసుకున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. గిన్నెలు పంపితే కడిగి పంపుతాడు, మాట పంపడు. తమ్ముడు వెళ్లినా నాకు కొలత మారలేదు. ఇప్పటికీ ఇద్దరికి సరిపడా వండుతున్నాను. ప్రార్థనకు కూర్చుంటే తమరడిగిన ప్రశ్నే వినిపిస్తుంది. మొన్న అయిదో నంబరుకు చుక్కాని పట్టే సరంగు వచ్చి చెప్పాడు:

"పెద్దక్కా, నీ తమ్ముడు టిక్కెట్టు కొనుక్కుని మా అయిదో నంబరు ఎక్కుతాడు. బల్ల మీద కూర్చోడు. ఇంజన్ గది తలుపు దగ్గర చెవి పెట్టి నిలబడతాడు. నిన్న దిగేటప్పుడు, 'దీని గొంతు కూడా పూడుకుంటోంది, చూసుకోండి' అని వెళ్లిపోయాడు."

7. అయిదు, ఏడు లాంచీలకు కూడా ఆ థర్మోస్టాట్లు ఇచ్చింది నేనే. మార్చమని వర్క్‌షాపు ఇన్‌ఛార్జి గారిని మూడుసార్లు అడిగాను. "నడుస్తున్న బండికి చెయ్యి పెట్టకమ్మా. పై నుంచి కాగితం రానీ" అంటున్నారు. తీసేసి ఉత్తగా నడుపుదామని కొందరంటున్నారు. అదీ తప్పే, ఇంజన్ మరీ చల్లబడి పాడవుతుంది. యాభై అయిదువి ఆరు స్టోరులో ఉన్నాయి. అన్నీ పరీక్షించి పెట్టాను.

కాబట్టి తమరిని వేడుకునేది: రెండు లాంచీలను నేటి నుంచే ఆపించి థర్మోస్టాట్లు మార్పించాలి. మూడో నంబరుకు ఇచ్చిన నాటి స్టోరు చీటీ జతపరిచాను, చేతిరాత నాది. గోడ నుంచి చింపిన ఉత్తర్వు కూడా జతపరిచాను, వెనకవైపు సున్నం అంటుకుని ఉంది. తప్పు నా పేర రాసుకుని తమ్ముడి సర్టిఫికెట్టు తిరిగి ఇప్పించాలి. అప్పీలు గడువు ఈ నెల ఇరవై ఎనిమిదితో తీరుతుంది. వాడు పెట్టుకోడు. నాకు ఏ శిక్ష వేసినా సమ్మతమే.

ఆనాడు చెప్పవలసిన మాట ఆలస్యంగా చెబుతున్నాను. ఆలస్యమైందని తోసివేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
స్టోరు కీపరు, రేవు వర్క్‌షాపు

తా.క.: ఈ అర్జీ సంగతి వాడికి తెలియదు. విచారణకు మళ్లీ పిలిచేట్టయితే మా ఇద్దరినీ ఒకే రోజు, ఒకే వేళకు పిలిపించండి. తమ కార్యాలయానికి పొద్దున ఒక్క లాంచీయే ఉంది, మా రేవులో బయలుదేరి కాలువ అవతల ఆగి వస్తుంది. అందులో ఎక్కక వాడికి తప్పదు. నేను పక్కన చోటు ఉంచి కూర్చుంటాను.