కారుకు వేడి చేసింది

సోమవారం, ఉదయం

నాన్న వాడిన కారు. పొద్దున చక్కగా స్టార్టవుతుంది. కొట్టు దగ్గర ఆపి పదినిమిషాల్లో వస్తే మొరాయిస్తుంది. చల్లారితే మళ్ళీ మామూలే. ఇంటికొచ్చినప్పుడల్లా తోసేది బావ. నిన్న ఊరెళ్తూ అన్నాడు:

"నా నడుం పోయిందిరా. ఆదివారం వస్తా. నా ముందు ఆపి, మళ్ళీ స్టార్ట్ చెయ్. చేశావా, కారు నీది. లేదా, పాత ఇనుము కొట్టుకే."

మెకానిక్‌ను పిలవను. జబ్బు నేనే కనిపెడతాను.

మంగళవారం

ప్లగ్గులు తుడిచాను. బ్యాటరీ బాగుంది. జబ్బు అలాగే ఉంది.

అమ్మ చూసి, "దానికి వేడి చేసిందిరా" అంది. చాలాసేపు నవ్వాను.

బుధవారం

దొరికింది! తిప్పుకొచ్చి, ఆపి, గాలి డబ్బా మూత తీసి, పెట్రోలూ గాలీ కలిసే కార్బురేటర్‌లోకి చూశాను. లోపల కుతకుతమంటోంది. ఇంజన్ ఆగగానే దాని వేడంతా పైకెక్కి పెట్రోలు మరిగిపోతోంది. పొంగి ఇంజన్‌లోకి కారుతోంది. ఇక స్టార్టెలా అవుతుంది?

అమ్మకు చెప్పాను.

"నిన్న నేనన్నదీ అదేగా."

గురువారం

కార్బురేటర్ కింద వేడి ఎక్కకుండా అడ్డుగా మందపాటి గ్యాస్కెట్ బిళ్ళ వెయ్యాలి. కార్బురేటర్ విప్పబోతే బోల్టు కదల్లేదు. రేపు చూద్దాం. ఈలోగా తడిగుడ్డ కప్పాను. స్టార్టయింది!

శుక్రవారం

గుడ్డ తడపడం విసుగు. అసలు ఇంజన్ ఆపకపోతే సరి. క్షవరానికి వెళ్ళి ఆన్‌లోనే వదిలేశాను.

"దానికీ కటింగేనా అన్నా?" అన్నాడు మంగలి.

తిరుగుదారిలో ఆగింది. ఈసారి పెట్రోలు మరగలేదు. అయిపోయింది.

శనివారం

మెకానిక్‌కు ఫోన్ చేశాను. పిలవలేదు, సలహా అడిగానంతే. ఎప్పుడొస్తావని కూడా అడిగాను. వారమంతా ఖాళీ లేదట.

ఆదివారం, సాయంత్రం

బావ ముందు కారు ఆపాను. ఆయన ముఖం కడుక్కోవడానికి వెళ్ళాడు. అమ్మ ఏదో తడిపి కార్బురేటర్ మీద పరిచింది. తాళం తిప్పాను. ఒక్క దెబ్బకే స్టార్టు!

బావ నీళ్ళోడుతూ వచ్చాడు. "నా తువ్వాలేది అత్తయ్యా?"

"కారుకి కప్పాను బాబూ."

ఆయన నవ్వి, ముఖం చొక్కాతో తుడుచుకున్నాడు. బస్టాండులో దింపడానికి తీసుకెళ్ళాను. అక్కడ సంచీ తీసుకుంటూ, పెట్రోలు దండగని ఆయనే తాళం తిప్పి ఆపేశాడు.

మళ్ళీ స్టార్టవలేదు.

"పందెం పోయినట్టేనా బావా?"

"మాట మాటే. కారు నీదే. అందుకే ఇక నువ్వే తోసుకో. నేను స్టీరింగ్ పట్టుకుంటా."

సోమవారం, ఉదయం

కారు నాది. ఈ రోజు నుంచి మెకానిక్‌ను పిలవను. గ్యాస్కెట్ నేనే వేస్తాను.

పదింటికి: బోల్టు తిరిగింది.

పదీ ఐదు: సగం చేతికొచ్చింది. మిగతా సగం లోపలే ఉంది.

రేపటి నుంచి పిలవను.