కానుగ చెట్టు దగ్గర ఆగని బండి

తమ్ముడూ శ్రీశైలం,

ఎట్లా ఉన్నావని అడగడం అలవాటు, అందుకే అడుగుతున్నాను. నువ్వు పోయి ఏడాది దాటింది. నిరుడు ఎండాకాలం పోయావు. మళ్ళీ ఒక ఎండాకాలం వచ్చి పోయింది, వానలు కూడా పడి తగ్గాయి.

ముందు నా కోపం చెప్పుకుంటాను. చనిపోయినవాడి మీద కోపం ఉంచుకోవద్దంటారు. అట్లా అనేవాళ్ళకు నీలాంటి తమ్ముడు ఉండి ఉండడు.

ముప్పై ఏళ్ళు కంపెనీ బస్సు నడిపినవాడిని నేను. పటాన్‌చెరు రోడ్డు మీద, పొగమంచులో, లారీల నడుమ... ఒక్క మనిషికి గీత పడనియ్యలేదు. అట్లాంటి నాకు నీ జర్మనీ బండి తాళం ఒక్కసారి ఇచ్చావా? కొన్న రోజు బావమరుదులంతా నిలబడి చూస్తుండగా నేను డ్రైవర్ కూర్చునే వైపు డోర్ తీస్తే, నా భుజం మీద చెయ్యేసి ఏమన్నావు?

"ఇది బస్సు గాదన్నా. నువ్వు పక్క సీట్ల కూసో, జిల్లా మొత్తం తిప్పుత."

అందరూ నవ్వారు. నేను పక్క సీట్లో కూర్చున్నాను. ఆనాటి నుంచి నువ్వు పోయేదాకా ఆ పక్క సీటే నాది. ఎన్ని పెళ్ళిళ్ళకు పోయాం, ఎన్ని చావులకు పోయాం... ఒక్కసారన్నా అన్నా నువ్వు నడుపు అనబుద్ధి కాలేదా నీకు? నా చేతులు అంత మొరటుగా కనిపించాయా?

సరే. అది అట్లా ఉండనీ.

నాకు అక్షరాలు బస్సు బోర్డుల మీద వచ్చినవే. ఈ ఉత్తరం రాయడానికి ఎన్ని పొద్దులు పట్టిందో నాకే తెలుసు. అయినా నోటితో చెప్పలేను. ఇంట్లో నేను చెప్పబోతే అందరూ లేచి పోతున్నారు.

నువ్వు కొన్నప్పటికే ఆ బండి పాతది. తెల్లాపూర్ మేడల్లో ఉండే ఒక సాఫ్ట్‌వేర్ సారు ఇక నా వల్ల కాదని వదిలించుకున్నాడు. పదేళ్ళు దాటిన జర్మనీ బండి అంటే ఏనుగును మేపినట్టేనని భానూర్‌లో అందరూ అన్నారు. నేనూ అన్నాను. నడిరోడ్డు మీద నిన్ను వదిలేస్తుంది చూడు అన్నాను. లేత్ మిషన్ షెడ్డు నడుపుకునేవాడికి నేలకు ఆనుకుని ఉరికే ఆ నల్ల బండి ఎందుకు? మన రోడ్డు మీద ప్రతి స్పీడ్ బ్రేకరూ దాని కడుపు గీకేది.

కానీ నువ్వు దాన్ని చెడిపోనిస్తే కదా... ఇంజిన్ నీళ్ళ డబ్బా ప్లాస్టిక్‌ది, పాతబడితే పగులుతుందని, బాగున్నదాన్నే తీసేసి కొత్తది వేయించావు. నీళ్ళ పంపు తిరుగుతుండగానే మార్చావు. ఇంజిన్ మీద ఎక్కడన్నా నూనె చెమట పట్టినట్టు కనిపిస్తే, అక్కడి రబ్బరు మార్చేదాకా నీకు అన్నం సయించేది కాదు. ఏం పిచ్చిరా ఇది అంటే ఏమనేవాడివి?

"కరాబైనంక మార్చేది రిపేరన్నా. కరాబ్ గాకముందు మార్చేది ఇజ్జత్."

మరి నీ ఛాతీ సంగతేంది? ఎడమ చెయ్యి గుంజుతోందని నువ్వే చెప్పుకున్నావట. దవాఖానకు పోదామని నీ ఇల్లాలు అనసూయ అంటే గ్యాస్ అన్నావు. సోడా తాగావు. బండికిచ్చిన ఇజ్జత్ నీ ఒంటికి ఎందుకియ్యలేదు?

ఇంకో మాట కూడా అనేవాడివి. ఇల్లు చేరాక అందరం దిగినా నువ్వు ఇంజిన్ బంద్ చేసేవాడివి కాదు.

"ఉరికొచ్చిన ఇంజిన్‌ను దబ్బున బంద్ చెయ్యద్దు. జెరసేపు దమ్ము తీస్కోనియ్యాలె."

ఆ రోజు కూడా అదే చేశావు.

ఇస్నాపూర్ నుంచి వస్తున్నావు. మిట్టమధ్యాహ్నం. నొప్పి వచ్చి ఉంటుంది... సర్వీసు రోడ్డు మీద, మూతపడ్డ ఫ్యాక్టరీ గోడ పక్కన, కానుగ చెట్టు కింద ఆపావు. ఇంజిన్‌ను దమ్ము తీసుకోమని వదిలేశావు. ఏసీ పెట్టుకున్నావు. సీటు వెనక్కి వాల్చావు. జెర పంటే తగ్గుతుంది అనుకున్నావు కదా? నాకు తెలిసిన తమ్ముడు అదే అనుకుంటాడు.

అద్దాలకు నల్ల పేపరు. ఎవరో పెద్దమనిషి నిద్రపోతున్నాడనుకుని జనం దాటిపోయారు. ఒక షిఫ్టు వదిలారు, ఇంకో షిఫ్టు ఎక్కారు. బీహారీ పిల్లలు నీ బండికి ఆనుకుని బీడీలు కాల్చుకుని పోయారట. ఆ రోహిణి ఎండలో బండి కింద ఏసీ నీళ్ళు కారి కారి మడుగైంది. ఒక కుక్క వచ్చి ఆ తడిలో పడుకుంది. ఎదురు కంపెనీ వాచ్‌మన్ కుక్కను చూసి, ఇంత ఎండలో ఈ నీళ్ళెక్కడివని దగ్గరికి వచ్చాడు. అప్పుడు అద్దం మీద కొట్టాడు.

నేను వచ్చేసరికి కూడా ఇంజిన్ నడుస్తూనే ఉంది. వేడి చూపించే ముల్లు నట్టనడుమ నిలబడి ఉంది, వెంట్రుక మందం కూడా జరగలేదు. బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నీ నుదుటి మీద చెయ్యి పెట్టాను...

నడిరోడ్డు మీద వదిలేస్తుందన్నాను నేను. వదల్లేదు. అదే నాకు పడటం లేదు తమ్ముడూ. వేరే ఏ పాత బండి అయినా ఆ ఎండకు ఉడికిపోయి పొగలు కక్కేది. ఏసీ ఆగిపోయేది. ఉక్కపోతకు నువ్వు లేచి డోర్ తీసేవాడివి కదా? పొగ చూసి ఎవరో ఒకరు ఉరికి వచ్చేవాళ్ళు కదా? చెడిపోవలసిన పూట చెడిపోని బండిని మంచి బండి అనాలా?

నిన్ను అంబులెన్సులో ఎక్కించారు. ఈ బండిని ఎవరు తీస్తారని పోలీసాయన అడిగాడు. నేనే తీశాను. నీ స్టీరింగ్ నా చేతికి అట్లా వచ్చింది. వాల్చిన సీటును లేపడం తెలియక, దాని అంచున కూర్చుని, నీ వెనకే నడుపుకుంటూ వచ్చాను. బండి ఎంత మెత్తగా పోయిందో... సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ ఏడుపులో కూడా ఆ సంగతి నాకు తెలిసింది.

ఇక ఆ తర్వాతి సంగతి.

బ్యాటరీ చావకూడదని అప్పుడప్పుడు బండి బయటకు తీస్తున్నాను. డోర్ తెరవగానే సీటు దానంతట అదే గుర్రుమంటూ వెనక్కి పోతుంది. నీ కాళ్ళు పొడుగు, అది నీ కొలత. నేను నా కొలతకు ముందుకు జరుపుకుంటాను. మళ్ళీ తీసిననాడు మళ్ళీ వెనక్కి. బీరంగూడ ఖాజా, నీ బండి కరెంటు పని చేసేవాడు, తాళంలో మనిషి కొలత ఉంటుందని చెప్పాడు. ఉంటే ఉండనీ, దానికి నేను భయపడలేదు.

కానీ నీ మాసికం అయినాక ఒకసారి ఇస్నాపూర్ దాకా పోయి వస్తున్నాను. కానుగ చెట్టు దాటాను. టింగ్... టింగ్... టింగ్. ముందర ఎర్ర దీపం. పక్క సీట్లో మనిషి ఉన్నాడు, బెల్టు పెట్టుకోలేదు అని చెప్పే దీపం. పక్క సీట్లో ఎవరున్నారు? నా తువ్వాలు కూడా లేదు.

ఇల్లు చేరేదాకా మోగింది.

ఖాజా సీటు విప్పాడు. మనిషి బరువు పట్టే పట్టీ ఒకటి సీటు కింద ఉంటుందట, ఈ బండ్లు ముసలివైతే ముందు పాడయ్యేది అదేనట. కొత్తది వేశాడు. నాకు ప్రాణం నిమ్మళమైంది. మళ్ళీ అదే దారిన పోయాను. పోయేటప్పుడు చప్పుడు లేదు. వచ్చేటప్పుడు, చెట్టు దాటగానే... టింగ్.

ఎప్పుడూ వచ్చేటప్పుడే. ఎప్పుడూ ఆ చెట్టు దగ్గరి నుంచే. ఖాజాను తోలుకుపోయి చూపించాను. ఆ మనిషి ముందు సీట్లో కూర్చోనన్నాడు, సేటు లెక్క వెనక కూర్చున్నాడు. చెట్టు దాటి అది మోగగానే, చాచా నన్ను ఇక్కడే దించు, ఆటోలో పోతా అన్నాడు. తర్వాత ఆ బండికి చెయ్యి పెట్టలేదు.

నేనేం చేసేవాడిని? చెట్టు రాగానే చెయ్యి చాపి ఖాళీ సీటుకు బెల్టు పెట్టేవాడిని. ఊరుకునేది. ఇంటి దగ్గర విప్పేవాడిని.

నువ్వేనా? ఇంటికి రావాలని ఎక్కుతున్నావా? మరి ఇంటికి వచ్చినవాడివి ఎక్కడికి పోతున్నావు? మళ్ళీ ఆ చెట్టు కిందికి ఎందుకు పోతున్నావు?

ఒకసారి నీ బిడ్డ మౌనికను పక్కన కూర్చోబెట్టుకుని పోయాను. పిల్ల బెల్టు పెట్టుకోలేదు. కొత్త పట్టీ మోగాలి కదా? పోయేటప్పుడూ మోగలేదు, వచ్చేటప్పుడూ మోగలేదు. బతికి ఉన్న పిల్ల అంత బరువుతో కూర్చుంటే ఆ సీటుకు తెలియలేదు. చెట్టు దాటాక పిల్ల చలి అని దుపట్టా కప్పుకుంది. ఏసీ బంద్ చేసే ఉంది శ్రీశైలం... నేనే బంద్ చేశాను.

అనసూయ ఆ బండి ఎక్కదు. దాని ముందు నుంచి కూడా పోదు, వెనక గల్లీలో నుంచి తిరిగి వస్తుంది. అమ్మెయ్యి బావా, అది నా మనిషిని దాచిపెట్టింది అని తలుపు చాటు నుంచి చెప్పింది. పటాన్‌చెరు పాత బండ్ల షాపాయన వచ్చి చూసిపోయాడు కూడా. ఇంజిన్ విని, ఇంత వయసు బండి ఇట్లా ఉండటం నేను చూడలేదు అన్నాడు.

మౌనిక ఒప్పుకోవడం లేదు. ఇస్నాపూర్ అవతల మందుల కంపెనీలో, ల్యాబులో కొలువు దొరికింది పిల్లకు. పెత్రమాస, అదే పెద్దల అమావాస్య, దాటిన తెల్లారి నుంచి డ్యూటీ. బాపు బండిలోనే పోతా అంటోంది. తల్లీబిడ్డలు కొట్లాడుకుని, ఆఖరికి ఇద్దరూ నా మీద వేశారు. పెద్దబాపు ఏమంటే అదే.

పోయిన వారం పిల్ల నడుపుడు చూద్దామని దాన్ని స్టీరింగ్ మీద కూర్చోబెట్టి, నేను వెనక కూర్చున్నాను. మంచిగానే నడిపింది. నీ చెయ్యే. ఇస్నాపూర్‌లో మలుపుకుని వస్తున్నాం. చెట్టు సంగతి నేను పిల్లకు ఎన్నడూ చెప్పలేదు. నీ మీద ఒట్టు, చెప్పలేదు.

చెట్టు దాటింది. టింగ్ అంది.

పిల్ల తల తిప్పలేదు. రోడ్డు మీది నుంచి చూపు తియ్యలేదు. ఎడమ చెయ్యి చాపి, బెల్టు గుంజి, ఖాళీ సీటుకు చటుక్కున పెట్టింది. పెట్టి, ఆ సీటును మెల్లగా తట్టింది. నిద్రపోయేవాళ్ళను తట్టినట్టు.

ఇది మొదటిసారి కాదు, కదా? నాకు తెలియకుండా ఎన్నాళ్ళ నుంచి వస్తోంది ఆ దారిన? చెట్టు కింద ఆపుతోందా? ఇంజిన్ నడుస్తుండగా... ఏసీ పెట్టుకుని... సీటు వాల్చుకుని...?

ఇప్పుడు ప్రతి పొద్దూ ఒక్కతే ఆ చెట్టు ముందు నుంచి రావాలి. డ్యూటీ చేసి, అలిసిపోయి. జెరసేపు పందామనిపిస్తే? ఆ బండి ఆగదు. చల్లగా పెట్టుకుంటుంది. ముల్లు నట్టనడుమ పెట్టుకుని, ఎన్ని షిఫ్టులు దాటిపోయినా నడుస్తూనే ఉంటుంది.

నాకు ఒక్కటే తెలియాలి. నువ్వు పిల్లకు తోడుగా కూర్చుంటున్నావా, నీకు తోడు కావాలని కూర్చుంటున్నావా?

నేను పెద్దవాడిని, బతిమాలడం నాకు రాదు. ఆనతి ఇస్తున్నాననుకో.

పెత్రమాస నాడు పొద్దున్నే అయ్యగారికి నీ పేరు మీద బియ్యం, పప్పు, కూరగాయలు ఇస్తాను. ఇచ్చి, నేనొక్కడినే బండి తీస్తాను. ఇస్నాపూర్ దాకా పోయి మలుపుకుని వస్తాను. కానుగ చెట్టు కింద బండిని నువ్వు ఆపు. నేను బ్రేకు తొక్కను, తాళం తిప్పను. దానంతట అది ఆగిపోవాలి. నీళ్ళు కక్కుతుందో, పొగ కక్కుతుందో, నీ ఇష్టం. ఒక్కసారి చెడిపోవాలి. మనిషి కోసం ఆగడం దానికి వచ్చని నాకు చూపించు.

ఆగిందా, బాగు చేయించి తాళం పిల్ల చేతిలో పెడతాను. మళ్ళీ ఒక్క మాట అడగను.

ఆగకుండా ఇల్లు చేరిందా... సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకోకముందే షాపాయన వచ్చి తోలుకుపోతాడు. పక్క సీట్లో ఎవరున్నా సరే, వాళ్ళతో సహా.

పెత్రమాస, మధ్యాహ్నం లోపల. జవాబు కావాలి నాకు.

నీ అన్న,
బాలయ్య