ఎటెల్కా మామాకు మాట అందించే హక్కు

అన్నమయ్య జిల్లా రాయచోటి వాస్తవ్యురాలిని, ప్రస్తుతం కువైట్‌లోని ఫహాహీల్‌లో ఇంటిపని చేస్తున్న దానిని, తిరుపాలమ్మ అను నేను, ఒకరి ఒత్తిడి లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాసుకున్న వీలునామా. ఆదివారం నాకు గుండె ఆపరేషన్. భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. నాకూ లేదు. అయినా చెప్పాల్సింది చెప్పి పెట్టుకుంటే ప్రాణానికి హాయి.

1. రాయచోటిలోని నా రెండు గదుల ఇల్లు, చేతి గాజులు నా ఏకైక కూతురు గంగాదేవికి సర్వహక్కులతో చెందాలి. ఇక్కడే కువైట్‌లో, మంగఫ్‌లో కుట్టుపని చేసే గంగకు వంట తప్ప అన్నీ వచ్చు. కాబట్టి నా రోలు మాత్రం పొరుగింటి రజియా బీకి.

2. నా తమ్ముడు నాగేశ్వరకు టీవీ. సినిమా షూటింగులో నాకూ పని ఉందంటే, "అంట్లు తోముకునేదానివి, నీకెందుకక్కా ఈ నాటకాలు?" అని ఫోనులో నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మా మామా కొత్త సినిమా వచ్చిన రోజు ఆ టీవీ ముందు కూర్చుని చివరిదాకా చూడాలి. భాష అర్థం కాకపోయినా లేవరాదు. ఇది షరతు.

3. మామా అంటే మేనమామ కాదు, ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు. నా మామా కెలెమెన్ ఎటెల్కా. వాళ్ల హంగరీలోనూ మనలాగే ఇంటిపేరు ముందు. వయసులో ఉండగా బుడాపెస్ట్ సినిమాల్లో పెళ్లికూతురు, ట్రామ్ కండక్టరు, దొంగ సన్యాసిని, అన్ని వేషాలూ వేసింది. అక్కడ చదువుకుంటున్న కువైటీ ఇంజనీరును పెళ్లాడి ఇక్కడికొచ్చాక కెమెరా ముఖం చూడలేదు. ఆయన పోయారు. ఆమెకు చూపు మందగించింది. అలాంటప్పుడు వాళ్ల దేశం నుంచి ఒక డైరెక్టరమ్మ వెతుక్కుంటూ వచ్చి, సముద్రం ఒడ్డున భర్త కోసం ఎదురుచూసే ముసలామె వేషం ఇస్తానంది.

"ఖలాస్ తిరుపా, చదవలేను, మాటలు గుర్తుండవు" అని మామా తలుపేసుకుంది. మా నాయన పద్యనాటకాల్లో తెర పక్కన నిలబడి నటులకు మాటలు అందించేవాడు. ఆ పని నాకు పుట్టుకతో తెలుసు. డైరెక్టరమ్మ ఫోనులో చదివి పంపిన మాటలు విని విని, అర్థం తెలియకుండానే కంఠతా పట్టాను. నేను మొదటి ముక్క అందిస్తే మామా మిగతాదంతా అందుకుంటుంది. అప్పుడామె ముఖం చూడాలి! వచ్చే నెల షూటింగు. నేను లేకపోతే నటించనని ఆమె ఒట్టు పెట్టుకుంది. ఆ ఒట్టును ఈ వీలునామా ద్వారా రద్దు చేస్తున్నాను.

4. నేను తిరిగి రాని పక్షంలో మాట అందించే హక్కు, బాధ్యత గంగాదేవికి దఖలు పరుస్తున్నాను. "నోట్లో గులకరాళ్లు పోసుకున్నట్టుందిమా ఈ భాష" అంటూనే అంతా నేర్చేసుకుంది. తిరిగి వస్తే మాత్రం ఈ కాగితం చించేసి నేనే నిలబడతాను, ఎవరికీ ఇవ్వను.

5. మామాకు నా మిరప్పొడి సీసా. వాళ్ల దేశపు మిరప్పొడికి రంగే గానీ కారం లేదు. మాది తిని కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఇంకో చెంచా అడిగిన మనిషి ఆమె.

6. వీలునామా అమలు చేయవలసినవాడు మా బిల్డింగు కాపలాదారు, కడప మహమ్మద్ గౌస్. గౌస్ భాయ్, నేను పోతే ఆ కబురు షూటింగుకు ముందే మామాకు చెప్పాలి. సినిమా చెడుతుందని దాచవద్దు. ఏడుస్తుంది, ఏడవనివ్వండి. ఆ తర్వాత ముఖం కడిగించి కెమెరా ముందు కూర్చోబెట్టండి. గంగా, నువ్వు పక్కన నిలబడు. నా గొంతు తెచ్చుకోవద్దు, నీ గొంతుతోనే మొదటి ముక్క అందించు. ఆలస్యమైనా కంగారుపడకు. అందుకుంటుంది.

ఫహాహీల్, 8 నవంబరు 2024

తిరుపాలమ్మ (వ్రాలు)

సాక్షులు: ముబీనా (ఆసుపత్రి నర్సు), సూర్యకిరణ్ (కింది అంతస్తు).